తేనెటీగల జిగురు — కోళ్ళ ఆరోగ్యము



హైదరాబాదు నగరమునకు పడమట మాదాపురమను పల్లె యుండెడిది. చుట్టును బండరాళ్ళ గుట్టలు, సీతాఫలపు పొదలు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు అచట సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. అటుపిమ్మట హైటెక్ సిటీ వెలసినది. అద్దాల మేడలు మింటి నంటినవి. మనుష్యులతోపాటు కొండతేనె యీగలును ఆ మేడల చూరులకు పట్టులు పెట్టుచున్నవి. కొండచరియకును, ఎత్తైన మేడకును వాటి దృష్టిలో భేదము లేదు కాబోలు!

ఆ పట్టులను చూచినపుడెల్ల నాకొక గ్రీకు పదము జ్ఞప్తికి వచ్చును. అది ‘ప్రోపొలిస్’. ‘ప్రో’ యనగా ముందు, ‘పొలిస్’ యనగా పురము. పురమునకు ముందుండునది, అనగా పురద్వార రక్ష యని భావము. కొన్ని జాతుల తేనెటీగలు చెట్ల మొగ్గలనుండియు, బెరడులనుండియు స్రవించు జిగురును తెచ్చి, మైనముతో కలిపి, తమ గూటి పగుళ్ళను పూడ్చును. ద్వారమును ఇరుకు చేయును. లోపలి గోడలకు పూత పూయును. దానిలో సుమారు సగము జిగురు, మూడవ పాలు మైనము; తక్కినది సుగంధతైలము, పుప్పొడి మొదలగునవి. అనేక సూక్ష్మజీవులు ఆ పూతకు తాళజాలవు.

మన అమరకోశమున తేనెకు పేర్లున్నవి. మైనమునకు మధూచ్ఛిష్టము, సిక్థకము అను పేర్లున్నవి. ఈ జిగురునకు మాత్రము వేరు పేరు కానరాదు. మన తొర్రలలో పట్టు పెట్టు దేశవాళీ యీగలు దీనిని అంతగా కూర్చవు. విశేషముగా కూర్చునది ఐరోపా యీగ. అది మన దేశమున నిలదొక్కుకొన్నది 1960వ దశకపు తొలి సంవత్సరములలో, కాంగ్డా ప్రాంతపు నగ్రోటా యందు.

రోమను పండితుడగు వర్రో క్రీస్తునకు పూర్వము 37వ సంవత్సరమున వ్యవసాయ గ్రంథము నొకదానిని రచించెను. వైద్యులు లేపనములలో వాడుటచే ఈ జిగురు రోము నగరపు వీథిలో తేనెకంటె ప్రియముగా అమ్ముడు పోయెడిదని అందు చెప్పినాడు. ఆ మూడవ భాగముననే కోళ్ళ పెంపకమును వర్ణించినాడు. ఒకే పుస్తకమున నున్న కోడియు, తేనెటీగయు మేతతొట్టివద్ద కలిసికొనుటకు రెండువేల యేండ్లు పట్టినది. ఆ కథలో మన తెలుగువానికిని పాత్ర కలదు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనాధ్యక్షులైరి. వారి నాయకత్వముననే ఆరియోమైసిన్ అను దివ్యౌషధము వెలువడినది. 1948 ఆగస్టున వారు దివంగతులైరి. పిమ్మట అదే సంస్థలో జ్యూక్సు, స్టాక్‌స్టాడు అను శాస్త్రజ్ఞులు కోడిపిల్లలకు బి12 విటమిను చౌకగా నందించు మార్గమును వెదకుచు, ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని మేతలో కలిపి చూచిరి. పిల్లలు అనుకొన్నదానికంటె ఏపుగా పెరిగినవి. 1950లో ఆ వార్త లోకమున వ్యాపించెను. రోగికొరకు పుట్టిన మందు, రోగము లేని కోడికి నిత్యాహారమాయెను.

ఫలితమేమి? అల్పమాత్రలో నిత్యము మందు తగులుటచే సూక్ష్మజీవులు దానికి లొంగకుండ రాటుదేలినవి. పశువులను బలుపజేయుటకై ఈ మందులను వాడరాదని స్వీడను దేశము 1986లో నిషేధించెను. 2006 జనవరి 1వ తేదీనుండి ఐరోపా సమాఖ్య యంతయు మేతలో పెరుగుదలకై వాడు యాంటీబయోటిక్కులను మానెను. మనుష్యులకు కడపటి దిక్కుగా దాచుకొనవలసిన కొలిస్టిన్ అను మందును కోళ్ళకును, ఇతర ఆహారజంతువులకును వాడరాదని మన ప్రభుత్వము 2019లో శాసించెను.

ద్వారము మూసిన పిదప వేరు తోవ వెదకక తప్పదు గదా! పసుపు, వెల్లుల్లి, మేలుచేయు సూక్ష్మజీవులు పరీక్షకు వచ్చినవి. వాటితో ఈ జిగురును వచ్చినది. కొన్ని పరీక్షలలో కోళ్ళ పెరుగుదలయు, కొక్కెర తెగులునకు ప్రతిరక్షక పదార్థములును వృద్ధి నొందినవి. మరికొన్నిటిలో భేదమే కనబడలేదు. ఇందు వింత లేదు. చెట్టు మారిన జిగురు మారును. ఋతువు మారిన గుణము మారును. ఒక పెట్టెనుండి ఏడాదికి లభించునదియు కొద్దియే. కోళ్ళ మందలు వేలు, లక్షలు!

నేను శాస్త్రజ్ఞుడను కాను, బడిపంతులును. మా యింట నా చిన్ననాడు కొక్కెర తెగులు తగిలి గంపెడు కోళ్ళు రెండు దినములలో మెడలు వాల్చినవి. మా నాయనమ్మ పసుపు పోసినది, వేపాకు పోసినది, ఒక్కటియు దక్కలేదు. ఆ తెగులునకు టీకాయే రక్ష. టీకాకు మారుగా జిగురును నమ్ముకొనువాడు మా నాయనమ్మ పొరపాటునే చేయును.

మరియొక మాట. 2009లో పరిశోధకులు జిగురు పూసిన పెట్టెలలోని ఈగలను పరీక్షింపగా, వాటి శరీరములందు సూక్ష్మజీవులు తక్కువగా నుండెను. రోగనిరోధక శక్తి పడవలసిన శ్రమయు తగ్గెను. గమనింపుడు: ఈగ జిగురును మేతగా తినుట లేదు, ఇంటికి పూయుచున్నది. శత్రువును గుమ్మమువద్దనే నిలుపుచున్నది. మనము 1950లో మందును గుమ్మమునుండి కంచములోనికి తెచ్చితిమి. దాని పర్యవసానమును నేడు ఆసుపత్రులలో అనుభవించుచున్నాము.

హైటెక్ సిటీకి దక్షిణమున రాజేంద్రనగరము కలదు. అచట 1988లో నెలకొన్న కోళ్ళ పరిశోధనా సంస్థ పల్లెపెరళ్ళకొరకు వనరాజ, గ్రామప్రియ యను జాతులను రూపొందించినది. అట్టి కోడిని పెంచు గృహిణి మొదట చేయవలసినది పొడి నేల, శుభ్రమైన నీరు, గాలి యాడు గూడు, వేళకు టీకా. ఇవి కోళ్ళ పురమునకు ద్వారబంధములు. వాటిని నిలిపిన పిమ్మట, పరీక్షకు నిలిచిన జిగురును కొలతతో వాడిన వాడుడు. ద్వారము లేని పురమునకు మాత్రము ఏ జిగురును రక్ష కాజాలదు.