మూడు నెట్‌వర్క్‌లు కలిసిన రోజు

1977 నవంబరు 22. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి హైవే మీద ఎస్‌ఆర్‌ఐ పరిశోధన సంస్థ వ్యాను ఒకటి వెళ్తోంది. అందులోని కంప్యూటర్ రేడియో ద్వారా సమాచారం పంపుతోంది. అది చేరాల్సింది లాస్‌ఏంజెలిస్ పక్కనున్న మెరీనా డెల్ రేకు. దగ్గరి దారి వదిలి, కావాలనే దాన్ని చుట్టూ తిప్పారు. రేడియో నెట్‌వర్క్ నుంచి టెలిఫోన్ లైన్ల మీద నడిచే అర్పానెట్‌లోకి, అక్కడి నుంచి ఉపగ్రహం మీదుగా ఐరోపాకు, మళ్లీ వెనక్కి. రానూపోనూ 94 వేల మైళ్లు తిరిగినా ఒక్క బిట్ కూడా పోలేదని ఆ ప్రయోగానికి సూత్రధారి అయిన వింట్ సర్ఫ్ తర్వాత చెప్పారు.

ఆ మూడు నెట్‌వర్క్‌లకూ ఒకదానితో ఒకటి పొసగదు. 1969లో మొదలైన అర్పానెట్ ప్యాకెట్లను, అంటే సమాచారపు ముక్కలను, వరస తప్పకుండా చేర్చేది. రేడియోలో అలా కాదు, సిగ్నల్‌కు ఏదైనా అడ్డొస్తే ప్యాకెట్ గల్లంతే. ఉపగ్రహం ఉండేది సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. పైకెళ్లి కిందికి రావడానికే పావు సెకను. ఎంత పెద్ద ప్యాకెట్‌ను మోయగలదన్నదీ దేని లెక్క దానిదే.

అన్నిటినీ ఒకే మూసలో పోస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. 1972లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థలో చేరిన బాబ్ కాన్ ఆ దారి పట్టలేదు. కలిపేందుకు ఏ నెట్‌వర్క్‌నూ లోపల మార్చకూడదన్నది ఆయన పెట్టుకున్న మొదటి నియమం. స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న సర్ఫ్‌తో కలిసి 1974 మేలో ఆయన ప్రచురించిన పరిశోధన పత్రం ఆ నియమానికి రూపమిచ్చింది. రెండు నెట్‌వర్క్‌ల సరిహద్దులో గేట్‌వే ఉంటుంది. అది ఒకవైపు కవరు విప్పి, లోపలి ఉత్తరం జోలికి పోకుండా, రెండోవైపు చెల్లే కవరులో పెట్టి పంపుతుంది. దారిలో ప్యాకెట్ పోతే మళ్లీ పంపడం, వరస సరిచేసుకోవడం రెండు చివర్లలోని కంప్యూటర్ల పని. ఈ బాధ్యతను చివర్లకే అప్పగించవచ్చని ఫ్రాన్స్‌లో లూయీ పూజాన్ నడిపిన సిక్లాడ్ నెట్‌వర్క్ అప్పటికే చూపించింది.

1983 జనవరి 1న అర్పానెట్ కూడా, తర్వాత టీసీపీ/ఐపీగా పేరుపడ్డ ఈ పద్ధతికి మారింది. విశ్వవిద్యాలయాల్లో, ఆఫీసుల్లో విడివిడిగా పెరుగుతున్న స్థానిక నెట్‌వర్క్‌లు గేట్‌వే పెట్టుకుని అందులో కలవడానికి దారి ఏర్పడింది.

ఇవాళ హైదరాబాద్, విశాఖల్లో ఆఫీసులున్న కంపెనీ ఆ రెంటినీ వీపీఎన్‌తో కలుపుకుంటున్నదీ ఈ పునాది మీదే. 192.168తో మొదలయ్యే లోపలి అడ్రసులు బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. అందుకే ఇక్కడి రౌటర్ ప్యాకెట్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, బయట చెల్లే అడ్రసున్న మరో ప్యాకెట్‌లో పెట్టి పంపుతుంది. అక్కడి రౌటర్ విప్పి లోపలికి అందిస్తుంది. మధ్యలోని నెట్‌వర్క్‌లకు లోపలేముందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఆ వ్యాను తిరిగిన నాటికి వైఫై లేదు, 4జీ లేదు. తర్వాత వచ్చిన ఇవన్నీ పాత నెట్‌వర్క్‌లను కదిలించకుండానే ఇంటర్నెట్‌లో ఇమిడిపోయాయి. దేని పద్ధతి దానికి వదిలి కలపాలన్న కాన్ పట్టుదలే వాటికి చోటు ఉంచింది.