తమిళ రేవులు: ఓడలు ఎవరివి, వ్యాపారం ఎవరిది?

క్రీస్తు శకారంభానికి అటూ ఇటూ రెండు మూడు శతాబ్దాల పాటు తమిళ దేశాన్ని ఏలిన మూడు రాజవంశాలకూ నదీముఖాల వద్ద పెద్ద రేవులుండేవి. పెరియార్ ముఖద్వారాన చేరుల ముసిరి, కావేరి కడలిలో కలిసే చోట చోళుల పుహార్, తామ్రపర్ణి ముఖాన ముత్యాలకు పేరుపొందిన పాండ్యుల కొర్కై వాటిలో ముఖ్యమైనవి.

ఈజిప్టు నుంచి ఎర్రసముద్రం మీదుగా వచ్చే ఓడలు నైరుతి రుతుపవనాల ఊతంతో పడమటి తీరం చేరి, శీతకాలపు ఈశాన్య గాలులతో తిరిగి వెళ్ళేవి. క్రీ.శ. 1వ శతాబ్దంలో పేరు తెలియని గ్రీకు రచయిత కూర్చిన 'ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్', అనగా రేవులను తీరం వెంట వరుసగా వివరించే నావికుల కరదీపిక, ముసిరి ప్రాంతం నుంచి మిరియాలు, ముత్యాలు, దంతం, రత్నాలు వెళ్ళేవనీ, బదులుగా నాణేలు, రాగి, తగరం, సీసం, పగడాలు, ద్రాక్షసారా వచ్చేవనీ చెబుతుంది. ఏటా 5 కోట్ల సెస్టర్సులు, అంటే రోమన్ నాణేలు, భారతదేశానికి తరలిపోతున్నాయని అదే శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు.

ఈ రాకపోకల వెనుక స్థానిక వ్యవస్థ బలంగా ఉండేది. పుహార్‌ను వర్ణించిన సంగం కావ్యం 'పట్టినప్పాలై', సుంకాధికారులు సరుకు మూటలపై చోళుల పులి ముద్ర వేసేవారని పేర్కొంటుంది. లోతట్టున కొడుమణల్ వంటి చోట్ల రత్నాలను సానబట్టే పనివారుండగా, అక్కడి సరుకు పాలక్కాడ్ కనుమ మీదుగా పడమటి తీరానికి చేరేది.

పుదుచ్చేరి సమీపంలోని అరికమేడును 1945లో తవ్వించిన పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ దానిని ఇండో-రోమన్ వర్తక స్థావరంగా భావించాడు. చక్రపు గీతల అలంకరణ గల నున్నని మట్టిపాత్రలు, అంటే రౌలెటెడ్ పాత్రలు, మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చాయని అప్పట్లో అనుకున్నారు; అవి భారతదేశంలోనే తయారైనవని తరువాతి పరిశోధనలు తేల్చాయి. అవే పాత్రలు కృష్ణా తీరాన అమరావతిలోనూ దొరకడం తూర్పు తీరపు రేవుల మధ్య సాగిన సొంత వాణిజ్యాన్ని సూచిస్తుంది. విమలా బెగ్లీ ఆధ్వర్యంలో 1989-92 మధ్య జరిగిన తవ్వకాలు, రోమన్ సరుకు రాకముందే అరికమేడులో జనావాసం ఉండేదని నిరూపించాయి.

తమిళులు స్వయంగా సముద్రం దాటిన జాడలు కూడా ఉన్నాయి. ఈజిప్టు రేవు బెరెనికేలో తమిళ బ్రాహ్మి లిపిలో పేరు చెక్కిన కుండపెంకు, భారతీయ జాడీలో ఏడున్నర కిలోల మిరియాలు దొరకగా, థాయ్‌లాండ్‌లో అదే లిపి గల స్వర్ణకారుని గీటురాయి లభించింది. కాబట్టి తమిళ తీర వాణిజ్యాన్ని రోమన్ చరిత్రకు అనుబంధంగా చదవడం సరికాదు. పడమటి ఓడలు విస్తరింపజేసినది అప్పటికే వేళ్ళూనుకున్న దేశీయ వ్యాపారాన్నే.