ఉప్పు నుంచి ఫార్మలిన్ వరకు: మృతదేహాన్ని నిలిపి ఉంచిన చరిత్ర

2020 మార్చి 19న బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్ జిల్లా గంపూర్ గ్రామానికి చెందిన ఒక ఆదివాసీ యువకుడు భద్రతా దళాల కాల్పుల్లో మరణించాడు. అతడు మావోయిస్టు అనీ, ఎదురుకాల్పుల్లో చనిపోయాడనీ పోలీసులు ప్రకటించారు. కాదు, మామూలు గ్రామస్థుడేనని ఊరివారు అన్నారు. విచారణ జరిగేదాకా దేహానికి అంత్యక్రియలు చేయరాదని నిర్ణయించుకున్నారు. శ్మశానంలో గుంత తవ్వి, దేహానికి ఉప్పు, నూనె, మూలికలు పట్టించి, తెల్లగుడ్డ చుట్టి అందులో ఉంచారు. దాదాపు రెండేళ్ల తరువాత, 2022లో, పత్రికలు ఈ సంగతి రాసేనాటికి కూడా ఆ దేహం గుంతలోనే ఉంది.

ఎవరి మాట నిజమో తేల్చవలసింది న్యాయస్థానం. విజ్ఞానశాస్త్రం జవాబు చెప్పగల ప్రశ్న ఇంకొకటి ఉంది. ఉప్పు, నూనె ఒక దేహాన్ని కాపాడగలవా? కాపాడితే, దేహంలో దేన్ని కాపాడతాయి? జవాబు కోసం ఎంబామింగ్ చరిత్రను కాస్త తిరగేయాలి.

దేహం ఎందుకు కుళ్లుతుంది?

ప్రాణం పోగానే రెండు మార్పులు మొదలవుతాయి. కణాలలోని ఎంజైములు ఆ కణాలనే జీర్ణం చేయసాగుతాయి. అదే సమయంలో పేగులలోని బాక్టీరియా, అడ్డుకునే రోగనిరోధక వ్యవస్థ లేకపోవడంతో, శరీరమంతటా వ్యాపించి మాంసకృత్తులను విచ్ఛిన్నం చేస్తాయి. మన వేసవిలో ఒక రోజు తిరగకముందే పొట్ట కుడివైపు కింది భాగంలో పచ్చని మచ్చ కనబడుతుంది. కుళ్లు ఆరంభమైందనడానికి అది గుర్తు.

ఈ పనులు సాగడానికి నీరు కావాలి, తగినంత వేడి కావాలి. అందుచేత కుళ్లును ఆపదలచినవారు నీటిని తీసివేయాలి, లేదా వేడిని తగ్గించాలి, అదీ కాకపోతే మాంసకృత్తులనే బాక్టీరియాకు కొరుకుడు పడని విధంగా మార్చాలి. మానవుడు మొదట నేర్చినది నీటిని తీసివేయడం.

ఈజిప్టు ఉప్పు

మీరు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం చూశారా? అక్కడ గుడ్డపట్టీలు చుట్టిన ఈజిప్టు మమ్మీ ఒకటి ఉంది. నజీర్ నవాజ్ జంగ్ దానిని 1920 ప్రాంతంలో కొని తెచ్చి ఏడవ నిజాముకు ఇవ్వగా, 1930లో అది మ్యూజియానికి చేరింది.

మమ్మీల తయారీలో ముఖ్య పదార్థం నేట్రాన్. సరస్సులు ఎండినచోట దొరికే ఈ ఖనిజంలో సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు, కొంత మామూలు ఉప్పు కలిసి ఉంటాయి. ముందుగా మెదడును ముక్కు గుండా, ఊపిరితిత్తులను, కాలేయాన్ని, జీర్ణాశయాన్ని, పేగులను పక్కనుంచి కోసి తీసివేసేవారు. గుండెను మాత్రం ఉంచేవారు. తరువాత దేహాన్ని సుమారు 40 రోజులు నేట్రాన్‌లో కప్పి ఉంచేవారు. పట్టీలు చుట్టడంతో సహా మొత్తం తతంగానికి 70 రోజులు పట్టేది.

ఇందులోని సూత్రం మన వంటింట్లోనే ఉంది. మాగాయ ముక్కలకు ఉప్పు కలిపితే నీరు ఊరుతుంది. సముద్రతీరాన చేపను ఉప్పు వేసి ఎండబెడతారు. గాఢమైన ఉప్పు కణజాలం నుంచి నీటిని బయటకు లాగుతుంది. బాక్టీరియా కణాల నీటినీ అలాగే లాగి వాటి పెరుగుదలను ఆపుతుంది. దీనినే ద్రవాభిసరణం అంటారు.

అయితే ఉప్పు పైనుంచి లోపలికి మెల్లగా దిగుతుంది. పేగులలోని బాక్టీరియా మాత్రం లోపలినుంచి పనిచేస్తాయి. ఈ పోటీలో ఉప్పు ఓడిపోకుండా ఈజిప్టువారు పేగులనే తీసివేశారు. ఎడారి పొడిగాలి వారికి తోడైంది.

రక్తనాళాల దారి

లోపలి భాగాలను తీయకుండానే మందును దేహమంతటికీ పంపే ఉపాయం ఐరోపాలో దొరికింది. రక్తం దేహమంతా తిరిగివస్తుందని విలియం హార్వే 1628లో వివరించాడు. రక్తం వెళ్లే దారిలో మందు మాత్రం వెళ్లదా? నెదర్లాండ్స్‌లో ఫ్రెడరిక్ రౌష్, 18వ శతాబ్దంలో లండన్‌లో విలియం హంటర్ ధమనుల్లోకి ద్రవాలు ఎక్కించి దేహాలను నిలిపి చూపారు.

ఆ కాలపు మందులలో పేరుపడింది ఆర్సెనిక్, అంటే పాషాణం. సూక్ష్మజీవులను చంపడంలో అది గట్టిదే. కానీ హంతకులు వాడే విషం కూడా అదే! శవంలో పాషాణం కనబడితే అది హంతకుడు పెట్టిందా, ఎంబామింగ్ చేసినవాడు ఎక్కించిందా? ఈ చిక్కువల్ల ఫ్రాన్సు 1846లో ఎంబామింగ్‌లో పాషాణాన్ని నిషేధించింది. దేహాన్ని నిలిపే మందే సాక్ష్యాన్ని చెరపగలదని చట్టం గుర్తించిందన్నమాట.

అమెరికా అంతర్యుద్ధం (1861-65) ఈ విద్యను వ్యాపారంగా మార్చింది. దూరాన మరణించిన సైనికుల దేహాలను ఇళ్లకు పంపడానికి ఎంబామింగ్ చేసేవారు. 1865లో హత్యకు గురైన అధ్యక్షుడు లింకన్ దేహం కూడా అలాగే రైలులో స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చేరింది. దారిపొడవునా జనం ఆయనను చూడగలిగారు.

ఫార్మలిన్ వచ్చింది

ఫార్మాల్డిహైడును 1859లో రష్యా రసాయన శాస్త్రజ్ఞుడు బట్లెరోవ్ తయారుచేశాడు. 1867లో జర్మనీకి చెందిన హాఫ్‌మన్ దానిని స్పష్టంగా గుర్తించాడు. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ అది కణజాలాన్ని గట్టిపరుస్తుందని గమనించాడు. ఈ వాయువు నీటిలో కరిగిన గాఢ ద్రావణమే ఫార్మలిన్.

ఫార్మాల్డిహైడు అణువులు మాంసకృత్తుల గొలుసుల మధ్య అడ్డబంధాలు ఏర్పరుస్తాయి. అలా బిగిసిన మాంసకృత్తులను ఎంజైములు తేలికగా విడగొట్టలేవు. ఈనాడు మెడలోని లేదా తొడలోని ధమని ద్వారా ఫార్మలిన్, మెథనాల్, గ్లిసరిన్ వంటివి కలిపిన ద్రవాన్ని ఎక్కిస్తారు. సిర ద్వారా రక్తాన్ని వెలికి తీస్తారు. గల్ఫ్ దేశాలలో కన్నుమూసిన మన కార్మికుల దేహాలను విమానంలో ఇంటికి పంపేముందు చేసేది ఇదే.

నిలిచేది ఏది? పోయేది ఏది?

ఎంబామింగ్ రూపాన్ని నిలుపుతుంది. ఎముక విరిగిన తీరు, లోపల చిక్కిన తూటా దాని తరువాత కూడా తెలుస్తాయి. కానీ రక్తం పోతుంది. సయనైడు వంటి కొన్ని విషాలను కనిపెట్టడం కష్టమవుతుంది. డి.ఎన్.ఎ. దెబ్బతింటుంది. అందుకే అనుమానాస్పద మరణాల్లో ముందు శవపరీక్ష, ఆ తరువాతే ఎంబామింగ్ జరగాలి.

విచారణ కోసం శవాన్ని ఉంచడానికి ఆస్పత్రులు సాధారణంగా చలిని ఆశ్రయిస్తాయి. చలి కుళ్లును మందగింపజేస్తుందే గాని ఆపదు. 2019 డిసెంబరు 6న హైదరాబాదు సమీపాన చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో నలుగురు నిందితులు మరణించినప్పుడు దేహాలను గాంధీ ఆస్పత్రి శీతల గదిలో ఉంచారు. రెండు వారాలకే అవి సగం మేర కుళ్లాయని ఆస్పత్రి అధికారి హైకోర్టుకు తెలిపారు. కోర్టు ఆదేశంతో డిసెంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వచ్చి రెండవ శవపరీక్ష చేశారు.

ఇప్పుడు గంపూర్ గుంత వద్దకు వద్దాం. అక్కడ శీతల గది లేదు. నూనె గాలిని కొంత అడ్డుకుంటుంది గాని, పేగులలోని బాక్టీరియాలో చాలావాటికి గాలితో పని లేదు. బస్తర్ వానల తేమలో ఉప్పు దానంతట అదే కరుగుతుంది. కనుక ఆ గుంత ఈజిప్టు సమాధి కాలేదు. మెత్తని భాగాలు క్రమంగా పోతాయి. ఎముకలు మాత్రం చాలాకాలం ఉంటాయి. వాటిమీద తూటా దెబ్బ పడి ఉంటే ఆ గుర్తు ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. విషప్రయోగం అనుమానం ఉన్నప్పుడు మన దేశంలో శవపరీక్ష చేసే వైద్యులు జీర్ణాశయం, కాలేయం వంటి భాగాలను సీసాలలో పెట్టి ప్రయోగశాలకు పంపుతారు. ఆ సీసాలలో ఫార్మలిన్ పోయరు. అది పరీక్షకు అడ్డు వస్తుంది. చాలా సందర్భాల్లో వారు పోసేది సంతృప్త ఉప్పు ద్రావణమే. గంపూర్ గ్రామస్థుల చేతికి అందినదీ ఆ ఉప్పే. అది కాలాన్ని కొంత నెమ్మదింపజేయగలదు, అంతే. ఎముకలు చెప్పగలిగినది వినడానికి ఒక వైద్యుడు ఆ గుంత దగ్గరకు రావాలి, అదీ వేళకు రావాలి.