వాడని పూలు

ఉదయమున విచ్చిన పూవు సాయంకాలమునకు వాడును. ఆ ఒక్కనాటి శోభను నిలుపవలెనని మానవుడు చేసిన యత్నములలో పుష్పాభరణ శిల్పమొకటి. మన ఇండ్లలోని చేమంతిబిళ్లలును, జడబిళ్లలును అట్టి యత్నమునకు గుర్తులే. ఉత్తర హిందూస్థానమున మొగలుల కాలమున ఈ విద్య మరియొక మార్గమున వికసించినది. అచట నగకు రెండు వైపులను పూలు పూచినవి: ముందు కుందనమున పొదిగిన మణులతో, వెనుక మీనాతో.

మీనా యనగా లోహముపై కరగించి అతికిన రంగుగాజు. అబుల్ ఫజల్ రచించిన 'ఐనే అక్బరీ'లో మీనాకారుల ప్రస్తావన కలదు. అంబరు ప్రభువైన మానసింగు లాహోరునుండి ఈ శిల్పులను తన రాజధానికి రప్పించెనని పరంపరగా చెప్పుదురు. 1727లో సవాయి జయసింగు జయపురమును స్థాపించిన పిమ్మట ఆ నగరమే ఈ విద్యకు ప్రధాన స్థానమయ్యెను.

పూలపై మొగలులకు గల మక్కువ ప్రసిద్ధము. 1620 వసంతమున జహంగీరు కాశ్మీరపు పూలను చూచి పరవశుడై, మన్సూరు అను చిత్రకారునిచే నూటికి పైగా పూలను చిత్రింపజేసెను. షాజహాను నాటికి పూమొక్క భవనపు గోడలపైనను, వస్త్రముల అంచులపైనను, నగలపైనను ముఖ్యాలంకారమయ్యెను. ఆ నగలలోని వజ్రములు పెక్కు మన కృష్ణాతీరపు కొల్లూరు మొదలగు గోలకొండ రాజ్యపు గనులలో పుట్టినవి.

నగ ఒక్కరి పని కాదు. చిత్రకారుడు పూవును గీయును. కంసాలి బంగారమును రూపునకు తెచ్చును. చెక్కువాడు రేకులను ఉలితో తొలిచి, ఆ పల్లముల అడుగున సన్నని గీతలు తీర్చును. ఆ గీతలను పట్టుకొని రంగు నిలుచును. గాజుగుండ వెలుగు వానిపై పడి మెరయును. పిదప మీనాకారుడు నూరి కడిగిన గాజుపొడిని తడిగా పల్లములలో నింపి కొలిమిలో పెట్టును. అన్ని రంగులు ఒకే వేడికి ఓర్వవు. ఎక్కువ వేడికి నిలుచు తెలుపును ముందు, తక్కువ వేడికే చెడు ఎరుపును చివర కాల్తురు. తెల్లని నేల, ఎర్రని పూలు, పచ్చని ఆకులు జయపురపు మీనాకు ఆనవాళ్లు. చివరి కాల్పున ఏమరుపాటు కలిగినచో అంతవరకు పడిన శ్రమ చెడును.

మీనా ముగిసిన పిమ్మటనే మణులను పొదుగుదురు. ఇందొక యుక్తి కలదు. గూడులలో నింపు లక్క కొలిమి వేడికి నిలువదు. కావున మణులను నిప్పు లేకయే బిగింపవలెను. పొదుగువాడు మణి అడుగున తళుకురేకు నుంచి, మేలిమి బంగారపు రేకును దాని చుట్టును అదుమును. మెత్తనిదగుటచే ఆ బంగారము ఒత్తిడికే అతుకుకొనును. అదియే కుందనము. 'కుందనపు బొమ్మ' యని మనము ముచ్చటగా అను మాటలోనిదియు అదియే.

ఎవరికిని కనబడని వెనుకవైపున ఇంత శ్రమ ఏల? మీనా బంగారమును రాపిడినుండి కాపాడునని చెప్పుదురు. కాని అందులకు సాదా పూత చాలును. రేకు రేకును తీర్చి దిద్దనక్కర లేదు. ధరించినవారికి మాత్రమే తెలిసిన ఆ పూలు పనివాని మనస్సాక్షికి నిదర్శనములు.

1995లో భారత ప్రభుత్వము నిజాము ఆభరణములను సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ 173 ఆభరణములలో మీనాపని గలవి పెక్కు. వాని వెలయు, ధరించిన ప్రభువుల పేర్లును చరిత్రకెక్కినవి. వెనుక పూలు దిద్దిన చేతుల పేర్లు ఎక్కలేదు. జయపుర మీనాకారుడు సర్దార్ కుద్రత్ సింగునకు 1988లో పద్మశ్రీ లభించుట ఆ పేరులేని పరంపరకు ఆలస్యముగా దక్కిన గౌరవము. ప్రదర్శనశాలలో అట్టి నగ ఎదుట నిలిచినప్పుడు, అద్దపు పెట్టెలో మనకు కనబడని ఆ వెనుకవైపును కూడ ఒకమారు తలచుకొనుట మన విధి.