గ్రాఫిక్ డిజైనర్ల వ్యాపార బీమా (భారతదేశం)

లోగోలు, ప్యాకింగ్ డిజైన్లు, ప్రకటనలు, వెబ్ పేజీలు తయారుచేసే ఫ్రీలాన్సర్లు, చిన్న స్టూడియోలు వృత్తిపరమైన నష్టాల నుంచి రక్షణకు తీసుకునే పాలసీలను కలిపి గ్రాఫిక్ డిజైనర్ల వ్యాపార బీమాగా వ్యవహరిస్తారు. వీటిలో కీలకమైనది ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ, అంటే వృత్తి బాధ్యత బీమా. డిజైనర్లకు ఇది చట్టరీత్యా తప్పనిసరి కాదు. అయితే కొందరు క్లయింట్లు ఒప్పందంలోనే దీన్ని షరతుగా పెడతారు.

అవసరం

డిజైనర్‌కు ఉండే ఆస్తి కొద్దిపాటి కంప్యూటర్లు, కెమెరాలే కావచ్చు. చేసిన పని మాత్రం వేల కాపీలుగా అచ్చవుతుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లతో కూర్చిన తెలుగు బ్రోచర్‌ను కర్వ్స్‌గా, అంటే అక్షరాలను గీతల ఆకారాలుగా, మార్చకుండా ప్రెస్సుకు పంపితే, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. అది వెంటనే దొరికిపోయే తప్పు. ఫోన్ నంబరులో ఒక అంకె మారితే ప్రూఫులోనూ కంటపడకపోవచ్చు. అచ్చయ్యాక బయటపడితే కాగితం, ప్లేట్లు, అచ్చుకూలి అన్నీ నష్టమే. ఆ మొత్తం డిజైన్ ఫీజును ఎన్నో రెట్లు మించిపోవచ్చు.

రెండో ముప్పు మేధో హక్కులది. లైసెన్సు లేని ఫోటో వాడితే 1957 కాపీరైట్ చట్టం కిందా, రిజిస్టరైన గుర్తును పోలిన లోగో గీస్తే 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కిందా దావా పడొచ్చు.

సొంత పేరుమీద వ్యాపారం చేసేవారి విషయంలో వ్యాపార బాకీకీ వ్యక్తిగత బాకీకీ తేడా లేదు. ఇల్లు, పొదుపు కూడా జప్తుకు లోబడవచ్చు. 2008 ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య) చట్టం కింద నమోదైన సంస్థలోనూ భాగస్వామి స్వయంగా చేసిన తప్పుకు వ్యక్తిగతంగా బాధ్యుడే.

ప్రధాన రకాలు

* వృత్తి బాధ్యత బీమా: పనిలో పొరపాటు, నిర్లక్ష్యం వల్ల క్లయింటుకు కలిగిన నష్టానికి పరిహారం, కోర్టు ఖర్చులు.
* ఆస్తి బీమా: ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలు మించని సంస్థలకు 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ అమల్లో ఉంది. అగ్నిప్రమాదం, తుపాను, వరద వంటివి ఇందులోకి వస్తాయి. మామూలు దొంగతనానికి బర్గ్లరీ పాలసీ విడిగా తీసుకోవాలి.
* ఎలక్ట్రానిక్ పరికరాల బీమా: కంప్యూటర్లు, మానిటర్లు అనుకోకుండా పాడైతే వర్తిస్తుంది. ల్యాప్‌టాప్‌ను బయటికి తీసుకెళ్లేవారు ఆ రక్షణను అదనంగా అడగాలి.
* సైబర్ బీమా: రాన్సమ్‌వేర్ దాడి, క్లయింట్ల సమాచారం బయటికి పొక్కడం వంటివాటికి.

వృత్తి బాధ్యత బీమా పనితీరు

ఈ పాలసీలు సాధారణంగా 'క్లెయిమ్స్ మేడ్' పద్ధతిలో నడుస్తాయి. పొరపాటు ఎప్పుడు జరిగిందన్నది ఒక్కటే చాలదు, క్లెయిమ్ వచ్చేనాటికి పాలసీ అమల్లో ఉండాలి. పని కూడా పాలసీలో రాసిన రెట్రోయాక్టివ్ తేదీ తర్వాతదై ఉండాలి. ఆ తేదీ 2023 ఏప్రిల్ 1 అయితే, 2022లో గీసిన లోగోపై 2025లో నోటీసు వచ్చినా పరిహారం దక్కదు. రెన్యువల్ తప్పితే పాత పనులకున్న రక్షణ కూడా పోవచ్చు.

ప్రతి క్లెయిములో కొంత మొత్తం డిజైనరే భరించాలి. దీన్ని డిడక్టిబుల్ అంటారు. అది 50,000 రూపాయలు, అంగీకరించిన నష్టం 4 లక్షలు అనుకుంటే బీమా సంస్థ చెల్లించేది మూడున్నర లక్షలు. ఒక్కో క్లెయిముకూ, ఏడాది మొత్తానికీ గరిష్ఠ పరిమితులు పాలసీలో ఉంటాయి.

మినహాయింపులు

ఉద్దేశపూర్వకంగా చేసిన కాపీ, జరిమానాలు, పాలసీకి ముందే తెలిసిన వివాదాలు సాధారణంగా మినహాయింపుల్లో ఉంటాయి. ఫీజు ఎగ్గొట్టిన క్లయింటు నుంచి రావలసిన సొమ్ముకూ ఈ పాలసీ పనికిరాదు. హక్కుల ఉల్లంఘన ఏ మేరకు కవరవుతుందో పాలసీని బట్టి మారుతుంది. అమెరికా, కెనడా కోర్టుల దావాలను మినహాయించే పాలసీలు చాలా ఉన్నందున, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని అక్కడి క్లయింట్లకు పనిచేసేవారికి భౌగోళిక పరిధి నిబంధన ముఖ్యం.

నియంత్రణ, ఫిర్యాదులు

బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే బీమా సంస్థపై బాధ్యత మొదలుకాదు. క్లెయిమ్ తిరస్కరణకు గురైతే మొదట సంస్థలోని ఫిర్యాదుల విభాగానికి రాయాలి. అక్కడ పరిష్కారం దొరకకపోతే సొంత పేరుతో వ్యాపారం చేసేవారు, సూక్ష్మ సంస్థలు 2017 నిబంధనల కింద ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.