నీటి అంచు దాకా చేరని బాట: దివ్యాంగులకు అందని సాగరతీరం

గౌలిపుర (హైదరాబాద్): పాతబస్తీ వాసులకు సముద్రం దూరపు చుట్టమే. గౌలిపుర, లాల్‌దర్వాజా, షాలిబండ ప్రాంతాల కుటుంబాలు సూర్యలంక, మంగినపూడి తీరాలకు వెళ్లాలంటే మూడు వందల కిలోమీటర్లు, విశాఖపట్నం వెళ్లాలంటే ఆరు వందల కిలోమీటర్లు దాటాలి. అంత దూరం ఇంటిల్లిపాదీ వెళ్లినా, చక్రాల కుర్చీలో ఉన్నవారు తీరపు రోడ్డు మీదే ఆగిపోవలసి వస్తోంది. మిగిలినవారి చెప్పులకు, సంచులకు కాపలా కూడా తరచూ వారికే దక్కుతుంది.

అడ్డంకి ఇసుకే. సాధారణ చక్రాల కుర్చీకి ముందు చక్రాలు చిన్నవి, సన్నవి. బరువు కొద్దిపాటి జాగాపై పడటంతో అవి పొడి ఇసుకలో దిగబడిపోతాయి. వెడల్పాటి మెత్తని టైర్లున్న ప్రత్యేక కుర్చీలు, ఇసుకపై పరిచే గట్టి చాపలు, చెక్క బాటలు ఇందుకు పరిష్కారం. అయితే బాట నీటి అంచు వరకు సాగాలి. సగంలో ఆగిపోతే రోడ్డు మీద ఆగినట్లే.

ఈ విషయంలో చెన్నై అనుభవం గమనించదగినది. మెరీనా తీరంలో 2022 నవంబరులో 263 మీటర్ల శాశ్వత చెక్క బాటను ప్రారంభించారు. రెండు వారాలు తిరగకముందే మాండూస్ తుపాను అలలకు సముద్రం వైపు భాగం దెబ్బతింది. కట్టడం ఒక ఎత్తు, ఏటా తుపాన్లకు తట్టుకునేలా కాపాడుకోవడం మరో ఎత్తు.

విశాఖలోని రుషికొండ తీరానికి 2020లో అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది. దివ్యాంగులకు ప్రవేశం, సౌకర్యాలు కల్పించడం ఈ గుర్తింపు ప్రమాణాలలో ఒకటి. నిర్వహణ లోపాల కారణంగా 2025 ఆరంభంలో ఆ గుర్తింపు తాత్కాలికంగా దూరమై, తర్వాత తిరిగి దక్కింది.

వినోదం దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం-2016లోని 29వ సెక్షన్ ప్రకారం సాంస్కృతిక, వినోద కార్యక్రమాల్లో ఇతరులతో సమానంగా పాల్గొనడం వారి హక్కు. సౌలభ్య ప్రమాణాలు కేవలం సూచనలుగా మిగిలిపోరాదని, తప్పనిసరి నిబంధనలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పునకు ఆధారమైన నివేదికను సిద్ధం చేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు దివ్యాంగ అధ్యయన కేంద్రమే.

వెళ్లే ముందు...

ర్యాంపు ఉందన్న మాటతో సరిపెట్టుకోకుండా అది ఎక్కడ ముగుస్తుందో పర్యాటక శాఖ అతిథి గృహానికి ఫోన్ చేసి అడగాలి. మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పడుతుందో లేదో కూడా తెలుసుకోవాలి. వినికిడి లేనివారికి రక్షకుల ఈల వినపడదు కాబట్టి హెచ్చరిక జెండాలు ఎక్కడ ఎగురవేస్తారో ముందే చూసుకోవాలి. తోడు లేనిదే ప్రయాణించలేని శారీరక దివ్యాంగులకు రైలు స్లీపర్, మూడో ఏసీ తరగతుల్లో 75 శాతం రాయితీ ఉంది. వెంట వచ్చే ఒకరికి కూడా అదే రాయితీ వర్తిస్తుంది.