ఉక్కుపలకలో వాలుబెజ్జము



ఇనుమునకు బెజ్జము వేయుట యెంతటి పని యని మన మనుకొందుము. గ్రామములోని కమ్మరి ఇనుపపట్టాను కొలిమిలో నెఱ్ఱగా కాల్చి, దాగలిమీఁద నుంచి, మొనగల ఉలిని మోపి సమ్మెటతో నాలుగు దెబ్బలు వేసినచో బెజ్జము పడును. అది నిలువుగా పడినదా, ఒక ప్రక్కకు వాలినదా యని యెవ్వరును పరీక్షింపరు. బండికి అది చాలును. కాని బెజ్జపు గోడల వాలు మనుష్యుల ప్రాణములమీఁదికి వచ్చిన దిన మొకటి చరిత్రలో గలదు.

స్కాట్లండు దేశమున టే నదిపై దాదాపు రెండు మైళ్ల పొడవున సర్ థామస్ బౌచ్ అను ఇంజనీరు రైలువంతెనను నిర్మించెను. 1878 జూను 1వ తేదీని దానిపై ప్రయాణికుల బండ్లు నడువసాగినవి. మఱుసటి యేఁడు డిసెంబరు 28వ తేదీ ఆదివారము రాత్రి పెనుగాలి వీచుచుండఁగా, రైలు వంతెనమీఁద నుండఁగనే, నడుమనున్న 13 ఎత్తైన ఖానాలు నదిలో కూలెను. బండిలోని వారిలో ఒక్కరును బ్రదుకలేదు. మృతులు 75 మంది యని ఆనాఁడు లెక్కించిరి. పేరులతో రూఢియైనవారు 59 మంది.

గాలి యొత్తిడిని ఇంజనీరు తగినంతగా లెక్కింపకపోవుట ఒక కారణము. విచారణలో బయటపడిన మఱియొక లోపము మన ప్రస్తుతాంశము. వంతెన స్తంభములు పోఁతయినుపవి. వానిని ఒకదానితో నొకటి బిగించు ఐమూల కడ్డీలకై స్తంభములకే చెవులవంటి తమ్మెలను పోఁతపోసి, అందు బోల్టులకు బెజ్జము లుంచిరి. ఆ బెజ్జములను బరమాతో తొలువలేదు, అచ్చులోనే పెట్టిరి. అచ్చులోని దిమ్మ సులువుగా వెలికి వచ్చుటకై దానిని ఒక కొనను సన్నముగా చేయుదురు. అందుచే బెజ్జము గరాటువలె ఒకవైపు వెడల్పును, ఒకవైపు ఇఱుకును ఆయెను. తిన్ననైన బోల్టు అందు దూరినను బెజ్జపు గోడను నిండుగా ఆనుకొనలేదు; ఇఱుకైన అంచును మాత్రమే తాఁకెను. తమ్మె యంతయు పంచుకొనవలసిన లాగుడు ఆ సన్నని అంచుపైఁ బడెను. డేవిడ్ కిర్కాల్డీ అట్టి తమ్మెలను యంత్రమునఁ బెట్టి లాగించి చూడఁగా, అనుకొన్నదానికంటె చాల తక్కువ బరువునకే విఱిగినవి. వంతెనను కనిపెట్టుచుండిన హెన్రీ నోబుల్ కడ్డీలు వదులై గలగలలాడుట ముందే విని, ఇనుపముక్కలు దోపి బిగించెను. పాప మతఁడు ఇటుకపనిలో నేర్పరి. ఇనుపపని యతనికిఁ గ్రొత్త.

ఆ దుర్ఘటన పిదప ఫోర్తు వంతెనను ఫౌలర్, బేకర్ అనువారు ఉక్కుతో నిర్మించిరి. అది 1890 మార్చి 4వ తేదీని ప్రారంభమయ్యెను. దాని పెద్దగొట్టముల వ్యాసము 12 అడుగులు. పలకలను వంచి, గొట్టముగా అమర్చిన పిమ్మట వానిని కలిపి బరమాలతో తొలిచిరి. కావున ఒక పలక బెజ్జము రెండవదానితో సరిగా కలిసెను. వేఱువేఱుగా గుద్దిన బెజ్జములు కలియనిచో పనివారు మొనకడ్డీని దిగఁగొట్టి బలవంతముగా కలుపుదురు. పలక చిట్లుట కది చాలును.

ఇంతవఱకు అక్కఱలేని వాలును గూర్చి చెప్పితిని. కావలసిన వాలును గలదు. నేఁడు ఇంటిముంగిటనే వెల్డింగు చేసి గేట్లు, ట్రాక్టరు తొట్లు చేసికొనువారు పలువురు. గొట్టమును పలకగుండ ఏటవాలుగా దూర్చి అతుకవలెనన్నచో గుండ్రని బెజ్జము పనికిరాదు. మునగకాడను ఏటవాలుగా తఱిగి చూడుఁడు, ముక్క మొగము కోలగా నుండును. ఇదియే దీర్ఘవృత్తము. స్తంభాకృతిని కోసిన వచ్చునదియు, శంకువును కోసిన వచ్చునదియు వేఱని పూర్వులలో ననేకులు తలఁచిరి. సెరీనస్ అను పండితుఁడు స్తంభచ్ఛేదమునుగూర్చి గ్రంథమే వ్రాసి, రెండును ఒకటే యని నిరూపించెను. రెండంగుళముల గొట్టము పలకకు 45 డిగ్రీల వాలున నున్నచో బెజ్జము పొడవు సుమారు 2.83 అంగుళములు, 30 డిగ్రీలైనచో 4 అంగుళములు. వెడల్పు మాత్రము రెండే.

బరమా వాలుగా మోపినచో జాఱిపోవును. కావున పలకక్రింద ఏటవాలు దిమ్మనుంచి బరమాను నిలువుగా దింపుదురు. మోపుచోటును ముందుగా చదును చేయుదురు. మంటతో కోయుట యింకను సులువు. ఎసిటిలీను, ఆమ్లజని కలిసిన మంట 3000 డిగ్రీలు దాటునని లె షాటెలియే 1895లో కనుగొనెను. 1900 దాటిన కొలఁది యేండ్లకే ఫ్రాన్సులో దాని కాగడాలు పనిలోనికి వచ్చెను. కాని యిక్కడను మెలకువ కావలెను. కాగడాను గీఁతచుట్టును ఒకే దిక్కునకు వాల్చి పట్టవలెను. గీఁతతోపాటు చేతిని త్రిప్పుచు లోనికి వాల్చినచో బెజ్జము మరల గరాటగును. గొట్టము అంచున మాత్రమే యానును. అందుచే కొందఱు ప్రక్కన అదే కోణమున ఇనుపబద్దను నిలిపి, కాగడాను దానికి సమానాంతరముగా నడుపుదురు. అర అంగుళపు పలకలో 45 డిగ్రీల దారి ఏడుపదవ వంతుల అంగుళ మగును గావున, నిలువుకోఁతకంటె చేయి నెమ్మదిగా సాగవలెను.